అగస్త్య స్టీమరు అచ్యుతరామయ్య

అచ్యుతరామయ్యగారికి తెలియని విషయం ఈ భూమ్మీద లేదని యూనివర్సిటీ హాస్టలు వంటవాళ్ళ నమ్మకం. ఆయన నమ్మకమూ అదే కాబట్టి వాళ్ళకీ ఆయనకీ ఎన్నడూ పేచీ రాలేదు. ఆయన ఆ హాస్టలుకి స్టీవార్డు. సరుకులు తెప్పించడం, వంట చూసుకోవడం, వందలమంది కుర్రాళ్ళకి వేళకి అన్నం పెట్టించడం ఆయన పని. ఆ పనిని ఆయన ఓడ నడిపినట్టు నడిపేవారు. అన్నాల గది నేల కడగాలంటే “డెక్కు కడగండి” అనేవారు. పెద్ద వంటమనిషి గట్టయ్యది జనగామ దగ్గర ఒక పల్లె. చెరువుకన్నా పెద్ద నీళ్ళు చూసి ఎరగడు. అతను కూడా “సార్, డెక్కు కడిగినం” అని గట్టిగా చెప్పడం నేర్చుకున్నాడు.

ఆ హాస్టల్లో ఇంకో వింత ఉండేది. అన్నాల గది గుమ్మం దగ్గర ఎవరినీ కార్డు అడగరు. బయటివాళ్ళు కూడా వచ్చి తినిపోతున్నారని ఒకసారి వార్డెనుగారు కోప్పడ్డారు. “గుమ్మంలో నిలబడి ఆకలితో వచ్చినవాణ్ణి కాగితం అడిగే ఉద్యోగం నేను ఒకసారి మానేశానండీ. మళ్ళీ చెయ్యను. కావాలంటే ఇంకొకరిని పెట్టుకోండి” అన్నారు అచ్యుతరామయ్యగారు. ఇంకొకరు దొరికితే భోజనం ఎలా ఉంటుందో వార్డెనుగారికి తెలుసు. ఆయన ఇక ఆ ఊసెత్తలేదు.

సాయంత్రం హాస్టలు నుంచి నడుచుకుంటూ తార్నాక చేరేవారు. అక్కడ రాజలింగం అనే లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు ఇంట్లో రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. ఒక గదిలో ఆయన, ఒక గదిలో కమలాదేవి. కమలాదేవి ఆయన భార్య. ఈ మాట ఇక్కడ రాస్తే చదివేవాళ్ళకి తెలిసింది గాని, తార్నాకలో ఒక్కరికీ తెలియదు.

తెలిసే దారి ఏదీ? ఆమె నుదుట బొట్టు లేదు, మెడలో తాళి లేదు, చేతికి గాజుల్లేవు. నలుగురిలో భర్తను పలకరించే అలవాటూ లేదు. ఇంటావిడ రాములమ్మ వాళ్ళు దిగిన వారంలోనే లెక్క తేల్చేసింది. కమలమ్మ సారుకు చెల్లెలు. చిన్నతనంలోనే మొగుడు పోయాడు. ఆమెను చూసుకోవడం కోసం సారు పెళ్ళి మానుకున్నాడు. “చెల్లె కోసం పెండ్లి గూడ చేసుకోలే, దేవుడసొంటి మనిషి” అని గల్లీలో అందరికీ చెప్పింది. అప్పటినుంచి అచ్యుతరామయ్యగారు రోడ్డు మీద కనబడితే ముసలివాళ్ళు కూడా చేతులెత్తి దండం పెట్టేవారు. ఎందుకు పెడుతున్నారని ఆయన ఏనాడూ అడగలేదు. తనలాంటి వాడికి జనం దండం పెట్టడం ఆయనకు సహజంగానే తోచింది.

అరవై ఎనిమిదో సంవత్సరం, సంక్రాంతి వెళ్ళిన తరవాత ఒక ఆదివారం ఉదయం. అచ్యుతరామయ్యగారు గదిలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. వంటింటి గుమ్మంలో రాములమ్మ వచ్చి కూర్చుంది. కమలాదేవి ఆమెకు కాఫీ ఇచ్చింది. రాములమ్మ రెండు గుక్కలు తాగి, గొంతు తగ్గించి అసలు సంగతి మొదలుపెట్టింది. రాములమ్మ తగ్గించిన గొంతు వీధి చివరకి వినబడుతుంది.

“కమలమ్మా, సారుకొక సంబంధం చూసిన. హబ్సిగూడల బాపనోళ్ళ పిల్ల. పిల్ల అంటే ముప్పై ఎనిమిదేండ్లున్నయనుకో. బడిల టీచర్ చేస్తది. నువ్వు గిట్ల ఎన్ని దినాలు చేసిపెడుతవు చెప్పు? నీకు రేపు పానం బాగలేకుంటె సారుకెవరు? నువ్వు ఊ అంటె మాట కదుపుత.”

లోపల పేపరు చప్పుడు ఆగిపోయింది. కమలాదేవి తన గ్లాసు కింద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

“మంచి సంబంధమే రాములమ్మా. మా ఆయన్ని అడిగి చెప్తాను.”

“మీ ఆయననా?” రాములమ్మ తాగబోయిన కాఫీ గ్లాసులోనే ఉండిపోయింది. “మీ ఆయన లేడు గదమ్మా?”

“ఉన్నారు. అదిగో, ఆ కుర్చీలో పేపరు చాటున.”

రాములమ్మ లేచి నిలబడింది. ముందు లెంపలు వేసుకుంది. అయ్యో అంది, నేలలోకి పోతే బాగుండునంది. ఆ తరవాత ఆ సిగ్గంతా కోపంగా మారింది. సరాసరి గది గుమ్మంలోకి వచ్చి నడుమున చేతులు పెట్టుకుంది.

“ఏంది సారూ గిది? పెనిమిటి గుండ్రాయి తీర్గ ఇంట్ల కూసోని ఉండంగ, ఆడామె బొట్టు లేక, పుస్తె లేక తిరుగుడేంది? మా ఇంట్ల బోనాలకు, పెండ్లిళ్ళకు అందరిని పిలిచిన, ఈమె ఒక్కదాన్నే పిలవలే. పిలిస్తె బాధపడుతదని పిలవలే. నా తోని గంత పాపం చేయిస్తరా?”

ఇలా నిలదీసినవాళ్ళు ఆయనకు అంతకు ముందు తగల్లేదు. అయినా ఆయన తడబడలేదు. పేపరు మడిచి పక్కన పెట్టి, “కూర్చో రాములమ్మా. ఇది అర్థం కావాలంటే స్టీమరు సంగతి తెలియాలి” అన్నారు. కమలాదేవి వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చుంది. ఆ కథ ఆమెకు కంఠతా వచ్చు.

ఆ స్టీమరు పేరు లేడీ ఆగస్టా. ఇంగ్లీషువాళ్ళ సీమలో కట్టారు. నల్లటి ఒళ్ళు, ఎర్రటి పొగగొట్టం. మద్రాసులో బయల్దేరి కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో జనాన్ని ఎక్కించుకుని రంగూను వెళ్ళేది. ఆగస్టా అనే పేరు మనవాళ్ళ నోట తిరక్క, సముద్రం తాగిన మునిగారి పేరే పెట్టేసి అగస్త్య స్టీమరు అన్నారు. తూర్పుగోదావరి, విశాఖ జిల్లాల నుంచి బియ్యపు మిల్లుల్లో పనికి వెళ్ళే కూలీలు వేలకొద్దీ ఆ డెక్కు మీద పడుకుని రంగూను చేరారు. దాని మీద టిక్కెట్టు గుమాస్తా అచ్యుతరామయ్య. వేదం చదువుకున్న ఇంట్లో పుట్టి సముద్రం మీద ఉద్యోగం ఏమిట్రా అని పెదనాన్నగారు మండిపడితే, అగస్త్యుడు బ్రాహ్మడు కాడా అని అడిగి ఎక్కేసిన ఘనుడు.

యుద్ధం వచ్చింది. స్టీమరుని సర్కారు తీసుకుంది. నల్లరంగు మీద బూడిదరంగు కొట్టారు, పేరు చెరిపేసి నంబరు రాశారు, ముందు భాగాన ఒక ఫిరంగి పెట్టారు. సిపాయిల్ని తీసుకుపోయి దింపడం, దెబ్బ తగిలినవాళ్ళని తీసుకురావడం దాని పని. రంగూను మీద బాంబులు పడ్డాక వచ్చిన మాఘమాసంలో, అక్కడి రేవు నుంచి అది ఆఖరిసారి బయల్దేరింది. టిక్కెట్టు ఉన్నవాళ్ళనే ఎక్కించమని పైనుంచి ఉత్తరువు. రేవు నిండా మనవాళ్ళు. పిల్లల్ని భుజాన వేసుకున్నవాళ్ళు, వంటగిన్నె ఒక్కటీ చంకన పెట్టుకుని వచ్చినవాళ్ళు. టిక్కెట్లమ్మే ఆఫీసు అప్పటికే తగలబడిపోయింది. నిచ్చెన మెట్ల మొదట అచ్యుతరామయ్య నిలబడి ఉన్నాడు. తెల్లదొర పైనుంచి కేకలేస్తున్నాడు. ఇతను టిక్కెట్లు కత్తిరించే కత్తెర నీళ్ళలో పడేసి, చేతులు వెనక్కి కట్టుకుని, పక్కకి తప్పుకున్నాడు.

“అంతే రాములమ్మా. నేను చేసింది పక్కకి తప్పుకోవడమే. డెక్కు మీద నిలబడ్డానికి చోటు లేనంతమంది ఎక్కారు. అందరూ విశాఖపట్నంలో దిగారు. ఆ తెల్లదొర నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తానన్నాడు గాని, తీసేసే తీరిక అతనికి దొరకలేదు.”

దొరకలేదంటే, చైత్రమాసంలో జపాను ఓడలు బంగాళాఖాతం మీద పడి దొరికిన ఓడనల్లా ముంచేశాయి. కాకినాడ మీదా విశాఖపట్నం మీదా బాంబులు వేశారు. అగస్త్య మునిగిందని కబురొచ్చింది. నిజానికి అది మునగలేదు. ఒక గుండు తగిలి వైర్‌లెస్సు పోయింది. ఆ దెబ్బతో దక్షిణానికి పారిపోయి, ఎక్కడో ఆఫ్రికా రేవులో తేలింది. అక్కడ దాన్ని బాగుచేసి, తెల్లరంగు వేసి, ఎర్ర శిలువ గీసి ఆస్పత్రి ఓడ చేశారు. యుద్ధమంతా అది ఎర్రసముద్రంలోనే తిరిగింది. అచ్యుతరామయ్య రాసిన ఉత్తరాలు కాకినాడ కంపెనీ ఆఫీసుకి వచ్చాయి. ఆ ఆఫీసూ మూసేశారు, ఇంట్లోవాళ్ళూ బాంబులకి భయపడి కాకినాడ వదిలి పెద్దాపురం వెళ్ళిపోయారు. ఇక అందేదెవరికి?

యుద్ధం అయ్యాక అతను ఇంటికొచ్చేసరికి అతని కర్మకాండ ముగిసి నాలుగేళ్ళయింది. శవం దొరకలేదని దర్భలతో బొమ్మ చేసి, దాన్ని దహనం చేశారు. పదోరోజున కమలాదేవి గాజులు పగలగొట్టి, తాళి తీసేశారు. పెదనాన్నగారు వీధరుగు మీదే ఆపి శాస్త్రం చెప్పారు. కర్మ చేసేసిన మనిషి తిరిగొస్తే వాడు మళ్ళీ పుట్టినవాడి కింద లెక్క. నేతితో స్నానం చేయించి, పురిటిబిడ్డకి చేసేవన్నీ చేసి, పేరు పెట్టి, ఒడుగు చేసి, అదే భార్యతో మళ్ళీ పెళ్ళి చెయ్యాలి. అప్పటిదాకా వాడికి ఇల్లూ లేదు, ఇల్లాలూ లేదు.

“చెయ్యనన్నాను” అన్నారు అచ్యుతరామయ్యగారు, ఆ రోజు ఎంత గట్టిగా అన్నారో అంత గట్టిగానూ. “నేను చావలేదు. రంగూను రేవులో ఆ మెట్ల దగ్గర నిలబడ్డవాడు నేనే. ఇప్పుడు నేను మళ్ళీ పుట్టానంటే ఏమిటర్థం? ఆ నిలబడ్డవాడు చచ్చాడనీ, నేను ఇంకెవడినో అనీ ఒప్పుకున్నట్టు. నా జన్మలో నేను చేసిన మంచి పని అదొక్కటే. దాన్ని చేసినవాణ్ణి నా చేతులతో నేను చంపుకోను. ఈమెను తీసుకుని ఆ రోజే బయల్దేరి ఇటు వచ్చేశాను. తాళి కట్టుకోవే అంటే ఈమె కట్టుకోలేదు. పెదనాన్నగారి మాట ఈమెకి వేదం. నేనేం చెయ్యను?”

గెలిచినవాడిలా ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. జవాబు వంటింట్లోంచి వచ్చింది.

“పెదమామగారి మాట కోసం కాదు.”

కమలాదేవి గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

“ఒకసారి మీ పేరు మీద గాజులు పగలగొట్టించుకున్నాను. మళ్ళీ అది నావల్ల కాదు. ఆ తంతు జరక్కుండా తాళి కట్టుకున్నాక మీకేమైనా అయితే, దానికి కారణం నేనే అనుకుంటాను. పిచ్చే అనుకోండి. మీరు ఇంటికి రావడం అరగంట ఆలస్యమైతే ఇప్పటికీ నాకు కాళ్ళాడవు. అందుకని కట్టుకోలేదు. ఇన్నేళ్ళలో ఎందుకూ అని మీరు అడగనూ లేదు.”

అచ్యుతరామయ్యగారు నోరు తెరిచారు. ఆమె ఆగలేదు.

“మీ స్టీమరుకి నలుపు తీసి బూడిదరంగు వేశారు. పేరు చెరిపి నంబరు వేశారు. తరవాత తెల్లరంగు వేసి ఆస్పత్రి అన్నారు. యుద్ధం అయ్యాక మళ్ళీ నల్లరంగు వేసి, కొత్తగా పేరు రాసి, కొబ్బరికాయ కొట్టి నీళ్ళలోకి వదిలారు. ఇవన్నీ మీరు చెప్పినవే. రంగు మార్చినంత మాత్రాన అది రంగూన్లో జనాన్ని ఎక్కించుకున్న ఓడ కాకుండా పోయిందా? దానికి లేని నామోషీ మీకెందుకండీ?”

అచ్యుతరామయ్యగారు గొంతు సవరించుకున్నారు.

“కొబ్బరికాయ కొట్టింది బొంబాయి డాక్‌లో. నీళ్ళలోకి వదలడం అది కాదు, దాన్ని—”

“గదా సారూ ఇప్పుడు ముచ్చట!” అని కసిరింది రాములమ్మ.

ఆయన చెప్పులు వేసుకుని బయటకి వెళ్ళిపోయారు. ఆదివారం కావడంతో క్యాంపస్ రోడ్లు ఖాళీగా ఉన్నాయి. హాస్టలుకే వెళ్దామనుకున్నారు గాని, కాళ్ళు ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర ఆగిపోయాయి. ఆ రాతిమెట్ల మీద కూర్చున్నారు. తను గెలవాల్సిన వాదం ఎక్కడ ఓడిపోయిందా అని మొదట వెతుక్కున్నారు. వెతికిన కొద్దీ వేరే సంగతి బయటపడింది. స్టీమరు కథ ఆయన హాస్టలు కుర్రాళ్ళకి చెప్పారు, వార్డెన్లకి చెప్పారు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకీ చెప్పారు. బాయిలరు దగ్గర బొగ్గు వేసేవాడి పేరు కూడా ఆ కథలో ఉంది. కమలాదేవి పేరు లేదు. స్టీమరుకి ఏ రేవులో ఏం జరిగిందో గుక్కతిప్పుకోకుండా చెప్పగల మనిషికి, ఆ పదోరోజున తన భార్యకి ఏం జరిగిందో తెలియదు. తెలుసుకోవాలని ఒక్కనాడూ తోచలేదు. ఆయనకు చాలా సిగ్గేసింది. సిగ్గుపడడం కొత్త కావడంతో, ఏం చెయ్యాలో తెలియక ఎండెక్కేదాకా అక్కడే కూర్చున్నారు.

ఇంటికి వచ్చేసరికి కమలాదేవి వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆయన వంటింట్లోకి వెళ్ళి పీట వాల్చుకుని కూర్చున్నారు.

“ఆ రోజు ఏం జరిగిందో చెప్పు కమలా.”

ఆమె ఆయనకేసి కొంతసేపు చూసింది. వేళాకోళం కాదని నమ్మకం కుదిరాక చెప్పింది.

“పెద్దాపురం వెళ్ళిపోయాం కదా, అక్కడ కాలవ గట్టు మీద చేశారు. దర్భలతో బొమ్మ కట్టారు. దానికి మీ పంచె చుట్టారు. బొమ్మ మరీ చిన్నది, పంచె మిగిలిపోయింది. మిగిలిందంతా కాళ్ళకింద దోపారు. మా ఆయన అంత పొట్టిగా ఉండరు అని చెబుదామనిపించింది. పెద్దవాళ్ళంతా ఉన్నారని ఊరుకున్నాను.”

“ఇంకా?”

“ఇంకేముంది? దానికి నిప్పు పెట్టారు. ఊరుకున్నాను గాని, మీరు పోయారని నాకు ఎప్పుడూ నమ్మకం కలగలేదు. కాలింది ఎవరో పొట్టివాడు అనుకునేదాన్ని.”

అచ్యుతరామయ్యగారు నవ్వబోయారు. నవ్వు రాలేదు, కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. వాటిని దాచుకునే ప్రయత్నం చెయ్యలేదు. భోజనం చేసి, ఎండ తగ్గకముందే సోమయాజులుగారి ఇంటికి బయల్దేరారు.

సోమయాజులుగారు క్యాంపస్‌లో సంస్కృతం చెప్పే లెక్చరరు. పౌరోహిత్యం ఆయనకు సరదా. సంగతంతా విని ముక్కుపొడి పీల్చి, “శాస్త్రంలో ఉంది. చేయించడం మాత్రం నాకూ ఇదే మొదలు” అన్నారు ఉత్సాహంగా. మాఘమాసంలో ముహూర్తం పెట్టారు. నేతితో స్నానమంటే పీపాలకొద్దీ నెయ్యి ఎక్కడ తేగలమని అచ్యుతరామయ్యగారు లా పాయింటు తీశారు. తలకు రాస్తే చాలన్నారు సోమయాజులుగారు. డాల్డా పనికిరాదని ముందే హెచ్చరించారు కూడా.

చిక్కు ఇంకొకటి వచ్చింది. పురిటిబిడ్డకి తల్లి ఉండాలి. అచ్యుతరామయ్యగారి తల్లి పోయి చాలా కాలమైంది. “నేనున్న గదా” అంది రాములమ్మ. ఆమె ఆయనకన్నా వయసులో చిన్నది, కులం వేరు. అందరూ సోమయాజులుగారి వంక చూశారు. “తల్లి ఉండాలని చదివాను. ఏ కులం తల్లో చదివిన గుర్తులేదు” అని ఆయన తేల్చేశారు.

ఆ రోజు రాజలింగం ఇంటి వాకిట్లో పందిరి వేశారు. గట్టయ్య హాస్టలు వంటవాళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చి, వద్దన్నా వినకుండా వాకిలంతా కడిగించి, “డెక్కు కడిగినం సార్” అని చెప్పాడు. యాభై ఏళ్ళ పసిబిడ్డ తలనిండా నెయ్యితో, కొత్త పంచె ఒంటికి చుట్టుకుని, రాములమ్మ ఒడికి ఎదురుగా బుద్ధిగా కూర్చున్నాడు. “నా కొడుకు పుట్టుడు పుట్టుడే బట్టతలతోని పుట్టిండు” అని రాములమ్మ అనేసరికి పందిరంతా ఘొల్లుమంది. ఆయన కూడా నవ్వారు.

పేరు పెట్టే ఘట్టం దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది. పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరం చేతికిచ్చి, రాములమ్మతో పేరు రాయించబోతూ సోమయాజులుగారు అడిగారు. “ఏం పేరు పెడదాం? కొత్త పుట్టుక కనుక ఏదైనా పెట్టుకోవచ్చు.” అచ్యుతరామయ్యగారు ఇరవై రెండేళ్ళు పారిపోయింది ఈ ఒక్క ప్రశ్న నుంచే. అంతా అయిపోయి ఇప్పుడు తను ఎవడూ కాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఏ పేరు పెడితే వాడు. ఆయన “పాతదే” అన్నారు. రాములమ్మకి అక్షరాలు రావు. సోమయాజులుగారు చెయ్యి పట్టి రాయించారు.

ఒడుగు అయింది, పెళ్ళీ అయింది. తాళి కట్టేటప్పుడు ఆయనకు మూడోముడి చాలాసేపు పట్టింది. కమలాదేవి తల వంచుకుని ఓపిగ్గా కూర్చుంది. వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె నుదుట కుంకుమ పెట్టారు. ఆమె ప్రతిసారీ కళ్ళు మూసుకుంది.

ఇక కొంగులు ముడివేసుకుని ఇద్దరూ తమ గదుల్లోకి వెళ్ళబోతే, రాములమ్మ గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది. పెళ్ళయి కొత్తగా ఇంట్లో అడుగుపెట్టేవాళ్ళు ఒకరి పేరొకరు చెబితే గాని లోపలికి రానివ్వరు. ఈ ఆచారం గోదావరికి అటూ ఒకటే, ఇటూ ఒకటే.

“చెప్పుండ్రి. ఎవరెవరొచ్చిన్రు?”

“నేనూ, నా భార్య కమలాదేవీ వచ్చాం” అన్నారు అచ్యుతరామయ్యగారు. హైదరాబాదులో అడుగుపెట్టాక నా భార్య అనే మాట ఆయన నలుగురిలో అనడం అదే మొదలు. ఎందుకో చాలా గట్టిగా అన్నారు. వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు.

“నువ్వు చెప్పు కమలమ్మా. సిగ్గుపడితే నడవదు.”

కమలాదేవి తల ఎత్తింది. భర్త పేరు ఆమె జన్మలో పలకలేదు. ఒకసారి మెడలోని తాళిని చేత్తో తడుముకుని, స్పష్టంగా చెప్పింది.

“నేనూ, మావారు అచ్యుతరామయ్యగారూ వచ్చాం. రంగూను రేవులో జనాన్ని ఎక్కించిన అచ్యుతరామయ్యగారు.”

రాములమ్మ చేతులు దించి పక్కకి తప్పుకుంది. అచ్యుతరామయ్యగారికి మాత్రం అడుగు పడలేదు. కమలాదేవే ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.